ఆటస్థలం: ఒకవారం పులి, మరువారం పిల్లి

హాకీ ఆడే మన పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "పోయినవారం మావాడు మూడు గోల్సు కొట్టాడండీ. ఈవారం బంతి కంటికే ఆననట్లు ఆడాడు. ఎందుకంటారు?" మేము నోరు తెరిచేలోగా జవాబు కూడా వారే చెప్పేస్తారు: శ్రద్ధ లేదని. ఈ తీర్పుతో మేము ఏకీభవించలేము.

హర్మన్‌ప్రీత్ సింగ్ సంగతి చూడండి. అమృత్‌సర్ దగ్గరి తిమ్మోవాల్ గ్రామపు రైతుబిడ్డ. 2014లో ఇక్కడే, మన మలేసియాలో, జోహోర్ బారులో జరిగిన సుల్తాన్ ఆఫ్ జోహోర్ కప్పులో 9 గోల్సు కొట్టి, మేటి ఆటగాడనిపించుకున్నాడు. అప్పటికి 18 ఏళ్లు. రెండేళ్లు తిరిగి 2016 రియో ఒలింపిక్సుకు వెళితే ఒక్క గోలూ రాలేదు. చేతివాటం ఎక్కడికీ పోలేదు. పెనాల్టీ కార్నర్లు కొట్టడానికి రూపిందర్ పాల్ సింగ్, రఘునాథ్ వంటి పెద్దవారు ముందున్నారు. ఎదుట నిలిచింది తోటి కుర్రవాళ్లు కారు, ఆరితేరిన వారు.

పైగా కార్నరు ఒక్కడి పని కాదు. గోలుగీత దగ్గరనుంచి ఒకడు బంతిని తోస్తాడు. వృత్తం బయట ఇంకొకడు ఆపుతాడు. అప్పుడు మూడవవాడు లాగి విసురుతాడు. గోల్‌కీపరుతో కలిపి ఐదుగురు అడ్డుకుంటారు. అందులో ఒకడు తిన్నగా మీదికే దూసుకొస్తాడు. తోసిన బంతి జానెడు పక్కకు వచ్చినా, ఆపినప్పుడు కాస్త ఎగిరినా, విసిరేవాడి అడుగు తప్పుతుంది. చూసేవారు తప్పంతా అతని మీదే వేస్తారు.

ఎదిగే పిల్లలకు మరొక చిక్కు. ఏడాదిలో నాలుగంగుళాలు పెరిగినవాడు, నిరుడు వంగినట్లు వంగితే బంతి అందదు. తెలిసిన పనినే మళ్లీ నేర్చుకోవాలి. పరీక్షలు, నిద్రలేమి సరేసరి.

అనుభవం వచ్చినా ఒడుదుడుకులు తప్పవు. 2023 జనవరిలో ఒడిశాలో జరిగిన ప్రపంచ కప్పులో ఇదే హర్మన్‌ప్రీత్ కెప్టెను. కార్నర్లు ఫలించక విమర్శలు పడ్డాడు; జట్టు 9వ స్థానంతో సరిపెట్టుకుంది. ఆ ఏడాదే హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 13 గోల్సు, స్వర్ణ పతకం. 2024 పారిస్ ఒలింపిక్సులో 10 గోల్సు, అందరికన్నా ఎక్కువ. కాంస్యం కోసం స్పెయిన్‌తో ఆడి 2-1తో గెలిచిన ఆటలో ఆ రెండూ అతనివే. రియో తర్వాత శ్రద్ధ లేదని పక్కన పెట్టి ఉంటే?

అందుచేత తల్లిదండ్రులకు మా మనవి. గోల్సు లెక్కపెట్టకండి. బంతిని ఎన్నిసార్లు శుభ్రంగా ఆపాడు, పోగొట్టుకున్న బంతికోసం ఎన్నిసార్లు వెనక్కి పరుగెత్తాడు, ఇవి చూడండి. ఇవి వాడి చేతిలో ఉన్నవి. గోలు వాడొక్కడి చేతిలో లేదు. ఆట ముగిశాక కారులో ఆ ఊసెత్తకుండా, ముందు అన్నం పెట్టండి.

ఓడిపోయినందుకు హాకీ మానిన పిల్లలను మేము అంతగా చూడలేదు. ఇంటికొచ్చాక పడిన మాటలకు కర్రను అటకెక్కించిన వారిని మాత్రం చూశాము. ఈ సీజనులో మన ఇళ్లలో అలాంటి కర్ర ఒక్కటీ అటకెక్కకూడదు.