కోర్టు కథలో హీరో ఎవరు?



ఈ వారం వేరే సంగతి రాద్దామనుకున్నాను. ఆదివారం రాత్రి వచ్చిన ఒక ఫోన్ వల్ల ఇది రాయాల్సి వస్తోంది. నా దగ్గర డిగ్రీ చదివి, తర్వాత లా చేసిన పిల్లగాడు. మన వాడల నుంచి వచ్చినవాడే. జిల్లా కోర్టులో ఒక సీనియర్ దగ్గర చేరి ఏడాదిన్నర అయింది. "సార్, కోటు విప్పేస్తున్న. గ్రూప్స్‌కు చదువుకుంట" అన్నాడు. ఎందుకు తమ్మీ అంటే చెప్పుకొచ్చాడు. "సీనియర్ సారు నెలకు మూడు వేలిస్తడు, అది గూడ యాదికుంటెనే. ఫైళ్లు మోసుడు, వాయిదాలు అడుగుడు. మొన్న ఫ్యాక్టరీల చెయ్యి పోయినాయన వచ్చిండు. ఆ కేసు నేను చేస్త సార్ అంటే నవ్విండు. అవతల కంపెనీరా, నువ్వెంత నీ ఇంగ్లీషెంత అన్నడు."

కాసేపు ఆగి మళ్లీ అడిగాడు: "మీరు కాలేజీల చూపెట్టిన సినిమాల రూడీ గెలుస్తడు గద సార్. అదంత ఉత్తదేనా?"

ఆ సినిమా 'ది రెయిన్‌మేకర్'. జాన్ గ్రిషమ్ 1995లో రాసిన నవల, 1997లో కొప్పోలా సినిమా తీశాడు. గ్రిషమ్ స్వయంగా మిసిసిపి రాష్ట్రంలో లాయరుగా పనిచేసినవాడు. మెంఫిస్ నగరంలో అప్పుడే లా పాసైన కుర్రాడు రూడీ బేలర్. చేతిలో డబ్బు లేదు, ఆఫీసు లేదు. లుకేమియాతో చనిపోతున్న డానీ రే బ్లాక్ అనే పేద యువకుడి కేసు అతని చేతికొస్తుంది. ఆ తల్లి ఏళ్ల తరబడి ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టింది. కొడుక్కి ఎముక మజ్జ మార్పిడి చేయిస్తే బతికే అవకాశం ఉంది. మజ్జ ఇవ్వడానికి కవల సోదరుడు కూడా ఉన్నాడు. కంపెనీ మాత్రం పైసా ఇవ్వనంటుంది. ఎనిమిదోసారి రాసిన ఉత్తరంలో ఆ తల్లిని తెలివితక్కువదానివని తిడుతుంది. అటువైపు ఖరీదైన లాయర్ల దండు, ఇటువైపు ఒక్క కేసు కూడా వాదించని రూడీ.

మా విద్యార్థులు ఆ సినిమా చూసి చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ చప్పట్లు ఎవరికి కొట్టామో ఆలోచించకుండా వదిలేశాను. అది నా తప్పు. ఈ పోస్టు ఆ తప్పు దిద్దుకోవడానికే.

రూడీకి ధైర్యం ఒక్కటే ఉందనుకుంటాం. అతని వెనక ఒక వ్యవస్థ ఉంది. మొదటిది ఫీజు. అమెరికాలో లాయరు గెలిస్తే వచ్చిన సొమ్ములో వాటా తీసుకుంటాడు, ఓడితే ఏమీ లేదు. అందుకే చేతిలో రూపాయి లేని తల్లి కూడా కంపెనీ మీద కేసు వేయగలిగింది. మన దగ్గర అలా ఫలితాన్నిబట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించాయి. రెండోది కాగితాలు. విచారణకు ముందే కంపెనీ లోపలి ఫైళ్లు, మాన్యువళ్లు రాబట్టే హక్కు అక్కడ బలంగా ఉంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఆర్డర్ 11 ఉంది గానీ, కూలివాడి కేసులో దాన్ని గట్టిగా వాడేవాళ్లు అరుదు. మూడోది జ్యూరీ. మెంఫిస్ జ్యూరీలో మామూలు మనుషులు కూర్చున్నారు. ప్రీమియం కట్టడమంటే ఏమిటో వాళ్లకు తెలుసు.

నాలుగోదాన్ని మన విద్యార్థులు గమనించాలి. ఆ కేసు మొదట కంపెనీల వైపు మొగ్గే ఒక జడ్జి దగ్గర ఉంటుంది. ఆయన చనిపోతాడు. ఆ స్థానంలోకి టైరోన్ కిప్లర్ అనే నల్లజాతి జడ్జి వస్తాడు. కథ తిరిగేది అక్కడే. రూడీ వాదన అంతకుముందు ఎంత ఉందో ఆ తర్వాతా అంతే ఉంది. వినే చెవి మారింది. గ్రిషమ్ దాన్ని అదృష్టంలా రాశాడు. బెంచీ మీద ఎవరు కూర్చుంటారన్నది మనకు అదృష్టం కాదు, ప్రాతినిధ్యం. సుప్రీంకోర్టు ఏర్పడిన 1950 నుంచి దళితుల్లోంచి ప్రధాన న్యాయమూర్తులైనవాళ్లు ఇద్దరే. 2007లో కె.జి. బాలకృష్ణన్ గారు, 2025లో బి.ఆర్. గవాయ్ గారు.

ఇక మా ఇంటి కథ చెబుతాను. ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా చిన్నాయిన చనిపోయాడు. హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ. కాంట్రాక్టరు కింద పని. ట్యాంకు కడగడానికి లోపలికి దింపారు. లోపల గ్యాస్ ఉంది. మాస్కు లేదు. వయసు ముప్పై, జీతం నెలకు రెండు వేలు. మూడో రోజు కంపెనీ తరఫున ఇద్దరొచ్చారు. ఇంకా దినం కూడా కాలేదు. నలభై వేలు చాపమీద పెట్టి, చిన్నమ్మ బొటనవేలు పట్టుకొని ఒక కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. అందులో ఏం రాసుందో చదివే ఇంగ్లీషు ఆ రోజు మా వాడలో ఎవరికీ లేదు.

తర్వాత మా వాడ నుంచే లా చదివిన ఒక అన్న ముందుకొచ్చాడు. సన్నదు తీసుకొని ఏడాది కూడా కాలేదు. అప్పటికి దాన్ని వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం అనేవారు, 1923 నాటిది. లేబర్ ఆఫీసులో కమిషనర్ ముందు కేసు వేశాడు. కంపెనీ పెద్ద లాయర్ని దింపింది. వాళ్ల వాదనలు మూడు. ఒకటి, అతను మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. రెండు, భార్య డబ్బు ముట్టిందని వేలిముద్ర వేసింది. మూడు, అసలు ఆ రోజు అతను పనిలోనే లేడు, మస్టర్‌లో పేరు లేదు.

మొదటి రెండిటికీ అన్న జవాబు పుస్తకంలోనే దొరికింది. చట్టంలో సెక్షన్ 12 ప్రకారం కాంట్రాక్టరు కింద పనిచేసినా పరిహారం కట్టాల్సింది అసలు యజమానే, కావాలంటే తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. సెక్షన్ 8 ప్రకారం కార్మికుడు చనిపోతే పరిహారం కమిషనర్ దగ్గర జమ చేయాలి, నేరుగా ఇంటికి తెచ్చిచ్చినది పరిహారంగా చెల్లదు. అన్న ఆ సెక్షన్ చదువుతుంటే చేతిలో పుస్తకం వణుకుతోందని మా నాయిన ఇప్పటికీ చెబుతాడు. సినిమాలో అయితే అక్కడ సంగీతం వచ్చేది.

మూడో వాదనకు మాత్రం ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. మస్టర్ కంపెనీది, గేటు రిజిస్టర్ కంపెనీది, సూపర్‌వైజర్ కంపెనీ మనిషి. చిన్నాయినతో పాటు పనిచేసినవాళ్లు మా వాళ్లే, కానీ ఎవరూ నోరు మెదపలేదు. వాళ్లను నేను తప్పుపట్టను, వాళ్ల పొయ్యి వెలిగేది ఆ గేటులోంచే. రెండేళ్లు వాయిదాలు నడిచాయి. చివరికి వచ్చింది క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఒక అమ్మ. "పొద్దుగాల నేనే చాయ పోసిన. మధ్యాన్నం అన్నానికి రాలే. అడిగితే ట్యాంకుల దిగిండన్నరు" అంది. క్రాస్‌లో కంపెనీ లాయరు గంటసేపు తిప్పి తిప్పి అడిగాడు. ఆమె అదే మూడు ముక్కలు చెప్పింది. మర్నాడు ఆమెను పనిలోకి రానివ్వలేదు.

కేసు గెలిచాం. 2,07,980 రూపాయలు, పైన వడ్డీ. ఆ అంకె ఎలా వచ్చిందో తెలుసా? చనిపోయినవాడి నెల జీతంలో సగం, దాన్ని వయసునుబట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణిస్తారు. ముప్పై ఏళ్లకు ఆ అంకె 207.98. సగం జీతం వెయ్యి. వెయ్యిని 207.98తో గుణిస్తే మా చిన్నాయిన. అదే కంపెనీలో జీతం ఎక్కువున్న మనిషి పోయి ఉంటే అంకె పెద్దదయ్యేది. ట్యాంకులో దిగే పని ఎవరికిస్తారు, దానికి జీతం ఎంతిస్తారు అన్నది కులం నిర్ణయిస్తే, చావు ధరను కూడా కులమే నిర్ణయించినట్టు. చట్టం ఎక్కడా కులం పేరెత్తదు. గుణింతం చేస్తుంది, అంతే.

రూడీ కేసులో జ్యూరీ అసలు నష్టం కింద రెండు లక్షల డాలర్లిస్తే, కంపెనీకి శిక్షగా ఐదు కోట్ల డాలర్లు వేసింది. శిక్ష కంపెనీ బలాన్నిబట్టి వేశారు, పేదవాడి జీతాన్నిబట్టి కాదు. మనకూ ఆ సూత్రం లేకపోలేదు. ఢిల్లీలో 1985 డిసెంబరులో ఓలియం గ్యాస్ లీకైన కేసులో, 1986లో సుప్రీంకోర్టు చెప్పింది: సంస్థ ఎంత పెద్దదైతే, ఎంత సంపన్నమైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలని. అలా చెప్పిన మూడేళ్లు తిరక్కుండానే, 1989లో భోపాల్ బాధితులందరి పేరా 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. సూత్రం పుస్తకంలో ఉండిపోయింది.

సినిమా చివర ఏమవుతుందో చాలామంది మర్చిపోతారు. కంపెనీ దివాలా తీస్తుంది. ఆ తల్లికి పైసా రాదు. డానీ రే అప్పటికే చనిపోయాడు. రూడీ లాయరు వృత్తే వదిలేస్తాడు. గ్రిషమ్ ఇక్కడ నిజాయితీగా ఉన్నాడు. గెలుపు వేరు, న్యాయం చేతికందడం వేరు. మనకిది చుండూరు నేర్పిన పాఠం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. పోరాడితే ఊళ్లోనే ప్రత్యేక కోర్టు వచ్చింది. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అయినా అన్నేళ్లు సాక్షులు నిలబడ్డారు. ఆ నిలబడటాన్ని ఏ హైకోర్టూ కొట్టేయలేదు.

అందుకే అంటున్నాను, కోర్టు కథలో హీరో లాయరు కాదు. రూడీ కేసు గెలిచింది కంపెనీ నుంచి బయటకొచ్చిన ఒక ఉద్యోగిని బోనెక్కి నిజం చెప్పడం వల్ల, ఆ తల్లి ఎనిమిది ఉత్తరాలూ దాచుకోవడం వల్ల. మా కేసు గెలిచింది క్యాంటీన్ అమ్మ వల్ల. ఇలాంటి నవలలు కెమెరాను ఎప్పుడూ నల్లకోటు మీదే పెడతాయి. కొత్త లాయరు పెద్ద కంపెనీని కూలగొడితే చదివేవాడికి హాయిగా ఉంటుంది, వ్యవస్థను మార్చే పని ఎవరో ఒక్కడు చేసేస్తాడని.

తెలుగులో ఇలాంటి లీగల్ థ్రిల్లర్ ఎందుకు బలంగా రాలేదని నన్ను అడుగుతుంటారు. విశాఖలో లాయరుగా ఉన్న రావిశాస్త్రి గారు కోర్టును లోపల్నుంచి చూశారు. 'ఆరు సారా కథలు'లో కోర్టు పేదవాడికి ఎలా కనిపిస్తుందో చూపించారు. బొజ్జా తారకం గారు లాయరూ కవీ కూడా. ఆయన 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకం రాశారు. అది థ్రిల్లర్ కాదు, జేబులో పెట్టుకొని తిరిగే పుస్తకం. మన సాహిత్యానికి అవసరం హీరో కాదు, చదివినవాడెవడైనా వాడుకోగల తెలివి అని ఆయనకు తెలుసు. దాన్ని సాహిత్యం కాదనే పండితులతో నా పీహెచ్‌డీ రోజుల నుంచీ నాకు తగాదానే.

ఆ పిల్లగాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. బాబాసాహెబ్ 1923లో బొంబాయిలో ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు ఆయనకూ కులం వల్ల కేసులు రాలేదు. అంత చదువున్న మనిషికే. అడ్వొకేట్స్ చట్టం ప్రకారం ఎస్సీ ఎస్టీలకు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మొత్తం 125 రూపాయలు. బార్ కౌన్సిళ్లు వేలకు వేలు గుంజుతుంటే, అంతకు మించి తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987, సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. వాడల్లో ఈ మాట తెలిసినవాళ్లు ఎంతమంది? కార్మిక చట్టాలు ఇప్పుడు కోడ్‌లుగా మారాయి, సెక్షన్ల నెంబర్లు మారాయి. లా చదివే తమ్ముళ్లు చెల్లెళ్లు కొత్తవి పట్టుకొని, తెలుగులో ఒక్క పేజీలో రాసి, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పంచండి.

వాడికి చివరగా చెప్పింది ఇదీ. "తమ్మీ, గ్రూప్స్ చదువుకో, కాదనను. కోటు విప్పేముందు ఒక్క పని చెయ్యి. ఆ చెయ్యి పోయినాయన ఇంటికి పో. సెక్షన్లు తర్వాత. ఆ రోజు నీకు చాయ ఎవరు పోసిన్రు, గేటు ఎవరు తీసిన్రు, రక్తం కారుతుంటే తువ్వాల ఎవరు కట్టిన్రు అని అడుగు. ఆ పేర్లు రాసుకో. వాళ్ల పని పోతే వాళ్ల ఇంటికి బియ్యం ఎవరు పంపాలో గూడ రాసుకో. అందుల నా పేరు ముందు రాయి."

మా క్యాంటీన్ అమ్మ పని పోయినప్పుడు ఆమె పేరు ఎవరూ రాసుకోలేదు. కేసు గెలిచిన సంబరంలో మేమూ రాసుకోలేదు. ఆ బాకీ ఇంకా ఉంది.

వచ్చే వారం కలుద్దాం. జై భీమ్.