సముద్రపు మట్టిలో మొండి జీవులు
విషలోహాలను తట్టుకునే బ్యాక్టీరియా... ఊరటా, హెచ్చరికా?

చోడవరం: చోడవరానికి సముద్రం కనబడదు. అయితే ఇక్కడి సంతకు వచ్చే చేపల్లో సముద్రపు చేపలూ ఉన్నాయి. ఈ ప్రాంత పొలాలను తడుపుతూ సాగే శారదా నది చివరకు కలిసేదీ బంగాళాఖాతంలోనే. 2022 ఏప్రిల్‌లో చోడవరం విశాఖ జిల్లా నుంచి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరింది గానీ నది దారి మారలేదు. కాబట్టి విశాఖ తీరాన నీటి అడుగున పేరుకున్న మట్టి సంగతి మైదాన ప్రాంత ప్రజలకు పట్టనిదేమీ కాదు.

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. మేహాద్రిగెడ్డ నీరు, నగరపు మురుగు, పరిశ్రమల వ్యర్థ జలాలు దశాబ్దాల తరబడి లోపలి హార్బరుకు చేరాయి. ఓడల అడుగున పూసే రంగుల్లోని రాగి, రేవులో ఎక్కించి దించే ఖనిజాల ధూళి వీటికి తోడయ్యాయి. అక్కడి అడుగు మట్టిలో జింకు, సీసం, కాడ్మియం, రాగి పోగుపడ్డాయని పరిశోధకులు పలుమార్లు వెల్లడించారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో విశాఖను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. నగరంలో 1977లో ఉత్పత్తి ప్రారంభించిన జింకు కర్మాగారం 2012లో మూతపడింది. కర్మాగారాలు మూతపడినా మట్టిలో చేరిన లోహం దానంతటది నశించదు.

ఇటువంటి మట్టిలోనూ బ్యాక్టీరియా బతుకుతుంది. విషం సోకినప్పుడు బలహీనమైనవి నశించి, తట్టుకోగలిగినవి మిగులుతాయి. కాలక్రమంలో వాటి సంతతే పెరుగుతుంది. కొన్ని తమ కణంలోకి చొరబడిన కాడ్మియం, జింకులను మోటారు నీటిని తోడినట్లు బయటికి తోడేస్తాయి. కొన్ని కణం చుట్టూ ఉన్న జిగురు పొరలోనే లోహాన్ని బంధిస్తాయి. ప్రాణవాయువు లేని బురదలో బతికే మరికొన్ని సల్ఫేటును సల్ఫైడుగా మార్చగా, ఆ సల్ఫైడుతో కలిసిన లోహం కరగని పదార్థమై అడుగుకు చేరుతుంది. ప్రపంచంలో ఎక్కువగా పరిశోధనకు గురైన లోహ నిరోధక బ్యాక్టీరియా ఒకటి 1976లో బెల్జియంలోని ఒక జింకు కర్మాగారపు మడ్డి తొట్టెలోనే లభించింది.

దీన్ని చూసి ‘కాలుష్యాన్ని బ్యాక్టీరియాయే తినేస్తుంది’ అన్న ప్రచారం వినిపిస్తుంటుంది. ఇది సగమే నిజం. నూనె మరకలను కొన్ని రకాల బ్యాక్టీరియా విడగొట్టి ఆహారం చేసుకోగలదు. లోహం మూలకం, దానిని ఏ జీవీ మాయం చేయలేదు. దాని రూపం మారుతుంది, లేదా చోటు మారుతుంది, అంతే. పాదరసం సంగతే చూస్తే, దానిని ఆవిరిగా మార్చి గాలిలోకి వదిలే బ్యాక్టీరియా ఉంది. అదే పాదరసాన్ని మరింత విషపూరితమైన మిథైల్ పాదరసంగా మార్చేదీ బ్యాక్టీరియాయే. ఆ రూపంలోని పాదరసం చేపల్లో చేరి మనుషుల నాడీ వ్యవస్థను దెబ్బతీసిన తీరు 1956లో జపాన్‌లోని మినమాటాలో వెలుగు చూసింది. అక్కడ మొదట మిథైల్ పాదరసాన్ని సముద్రంలోకి వదిలింది రసాయన కర్మాగారమే అయినా, చేపల ద్వారా విషం ఇంటికి చేరే దారి మాత్రం ఒకటే.

మరొక చిక్కు ఆసుపత్రులకు సంబంధించినది. లోహాన్ని తట్టుకునే జన్యువులు, యాంటీబయాటిక్ మందులను తట్టుకునే జన్యువులు తరచూ ఒకే ప్లాస్మిడ్‌పై ఉంటాయి. ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి అవి జంటగానే బదిలీ అవుతాయి. మందు తగలకున్నా, లోహపు ఒత్తిడి ఉన్నచోట మందుకు లొంగని బ్యాక్టీరియా కూడా పెరిగే అవకాశం ఉంటుంది.

ఈ పరిస్థితుల్లో పైపై నీటి నమూనాలు తీసి ‘పరిమితికి లోబడే ఉంది’ అనడం చాలదు. లోహంలో అధిక భాగం బంకమట్టికి అంటుకుని అడుగునే ఉంటుంది. డ్రెడ్జర్లు ఆ మట్టిని తవ్వినప్పుడు ప్రాణవాయువు సోకి, సల్ఫైడు రూపంలో బందీగా ఉన్న లోహం మళ్లీ నీటిలోకి రావచ్చు. నీటిని వడకట్టి ఆహారం తీసుకునే ఆల్చిప్పల వంటి జీవుల్లోకి అది ముందుగా చేరుతుంది. తవ్వకానికి ముందూ తర్వాతా అడుగు మట్టినీ, ఆ చుట్టుపక్కల పట్టిన చేపలనూ, ఆల్చిప్పలనూ పరీక్షించి ఆ అంకెలను మత్స్యకారులకు తెలుగులో తెలియజేయడం అధికారుల బాధ్యత. రోజూ వేటకు వెళ్లేదీ, ఆ పట్టులోంచే ఇంటికి కూరకు తెచ్చుకునేదీ వారే.