కందెనా, కాగితమూ

తెలుగులో కందెన అనే మాట ఒకటి ఉంది. బండి ఇరుసు అరిగిపోకుండా, చక్రం కిర్రుమనకుండా పూసే జిడ్డు అది. గడ్డి కాల్చిన మసిలో ఆముదం పోసి కలిపి, వెదురు గొట్టంలో నింపి, బండికి వేలాడగట్టేవారు. దేవుడి బండికయినా ఇది తప్పదని సుమతీ శతకకారుడు కరణాలను గురించి చెబుతూ ఏనాడో హెచ్చరించాడు. ఇప్పుడు ఎడ్లబండి చోటికి లారీ వచ్చింది, కందెన చోటికి ఇంజను ఆయిలు వచ్చింది. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. కందెన పూసినందుకు రైతును ఎవరూ రసీదు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు!

"పద్యాలు చెప్పుకునే మాష్టారికి లారీ నూనెతో ఏం పనండీ?" అని మీరు నవ్వవచ్చు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాపురం ఉంటూ లారీతో నాకు పనిలేదనగల సంసారి ఎవరో చెప్పండి. పత్తి తీతలయితే జిన్నింగు మిల్లులకూ, మిరపకోతలయితే గుంటూరు యార్డుకూ, కోల్డు స్టోరేజీలకూ బస్తాలు మోసేది లారీయే. మనకు లారీ లేకపోయినా మన బావమరిదికి ఉంటుంది. బావమరిదికి లేకపోతే అతని అప్పుకు హామీ సంతకం పెట్టిన వాళ్లం మనమే అయి ఉంటాం. నెలనెలా కట్టవలసిన వాయిదా ఆగితే ముందు కదిలేది లారీ కాదు, ఇల్లాలి మెడలోని గొలుసు. కనక ఇది ఇంటిల్లిపాదీ వినవలసిన సంగతే.

కొత్త లారీతోపాటు కంపెనీవారు వారంటీ అని ఒక కాగితం ఇస్తారు. మనవాళ్లు దాన్నీ గ్యారంటీ అనే అంటారు. పేరు ఏదయినా, అది షరతులతో కూడిన మాట. ఫలానా కాలం లోపల, ఫలానా కిలోమీటర్ల లోపల ఇంజను తయారీలో లోపం బయటపడితే మేం బాగుచేసి ఇస్తాం. మీరు మాత్రం మేం చెప్పిన రకం నూనె, చెప్పిన గడువుకు మారుస్తూ ఉండాలి అన్నది దాని సారాంశం. మొదటి సగం అందరికీ గుర్తుంటుంది. రెండో సగం చిన్న అక్షరాల్లో ఉంటుంది గనక, ఇంజను ఆగినప్పుడు గాని కనపడదు.

చిలకలూరిపేటలో సొంత లారీ నడుపుకుంటున్న మా పాత విద్యార్థి ఒకడు ఆ మధ్య కనిపించాడు. వాళ్ల మేనమామ కొడుకు కూడా లారీ కొన్నాడట. ఏడాదిన్నర తిరక్కుండానే, సరిగ్గా మిరపకాయల రోజుల్లో ఇంజను పట్టేసింది.

"కంపెనీ మనిషి వచ్చి చూసి, 'ఆయిలు ఎప్పుడు మార్చారు, ఏ ఆయిలు పోశారు' అని అడిగాడు మాష్టారూ! మావాడు మంచి ఆయిలే పోశానని ఒట్టేశాడు. 'మరి బిల్లేదయ్యా?' అన్నాడతను. అంతే!"

"ఇంతకీ పోసింది మంచి ఆయిలేనా?" అన్నాను.

"అది ఆ దేముడికే తెలవాలండీ. తెలిసిన కొట్టు గదా అని డబ్బా తెచ్చుకున్నాడు, తెలిసిన మేస్త్రీ గదా అని మార్పించుకున్నాడు. చేతిలో చీటీ ముక్క లేదు."

ప్రాంసరీ నోటు తెలియనివారు మన జిల్లాల్లో లేరు. నోటు రాసి అప్పు తెచ్చినవాడు అసలూ వడ్డీ పైసలతో సహా తీర్చి కూడా, నోటు వెనక చెల్లు రాయించుకోకపోతే ఏమవుతుంది? దేవుడి దృష్టిలో రుణం తీరుతుంది, కోర్టు దృష్టిలో తీరదు. మేనమామ కొడుకు చేసిన పని అదే. మంచి నూనె ఇంజనును కాపాడుతుంది. దాని రసీదు వారంటీని కాపాడుతుంది. రెండింటిలో ఒకటి ఉండి ఇంకొకటి లేకపోతే సగం పనే అయినట్టు.

సరే, మంచి నూనె అంటే ఏది? ధర ఎక్కువ పెట్టినదా? సినిమా తార బొమ్మ వేసినదా? రెండూ కావు. డబ్బా మీద రెండు గుర్తులు ఉంటాయి. ఆ రెండూ లారీతో ఇచ్చిన పుస్తకంలోని గుర్తులతో సరిపోవాలి.

మొదటిది చిక్కదనం. 15డబ్ల్యు-40 అని కనిపిస్తుంది చూడండి, అది. డబ్ల్యు అంటే ఇంగ్లీషులో చలికాలానికి మొదటి అక్షరం. ముందున్న అంకె, చలిలో నూనె ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకనున్న అంకె, నూరు డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. "మన రెంటచింతల ఎండలకు ఈ పల్చటి నూనె ఆగదండీ, 20డబ్ల్యు-50 పోద్దాం" అనే మేస్త్రీలు ఉన్నారు. పాపం, వారిది సదుద్దేశమే. కాని బయట ఎండ ఎంతయినా, నడిచే ఇంజనుకు లోపల తన వేడి తనకుంటుంది. ఆ వేడిని లెక్క చూసుకునే తయారుచేసినవారు అంకె రాశారు. పుస్తకంలో ఆ అంకె ఉంటే పోయవచ్చు. లేకపోతే వద్దు.

రెండోది గుణం. అమెరికా పెట్రోలియం సంస్థవారు పెట్టిన ఏపీఐ గుర్తు ఇది. ఎస్ అక్షరంతో మొదలయితే పెట్రోలు ఇంజనుకు, సీతో మొదలయితే డీజిలుకు. డీజిలు నూనెల్లో 1998లో సీహెచ్-4 వచ్చింది, 2002లో సీఐ-4, 2006లో సీజే-4, 2016 చివర సీకే-4 వచ్చాయి. అక్షరం ముందుకు పోయినకొద్దీ నూనె మెరుగుపడిందన్నమాట. కొత్త అక్షరం నూనెను ఈ పాత వాటి స్థానంలో వాడవచ్చు. పాత అక్షరాన్ని కొత్త లారీలో పోయరాదు. ఎఫ్ఏ-4 అని ఇంకొకటి సీకే-4తోపాటే వచ్చింది. అది పల్చనిది, పుస్తకంలో దాని పేరు ప్రత్యేకంగా ఉంటే తప్ప ముట్టుకోవద్దు.

పాతది ఎందుకు పోయరాదంటారా? 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త బళ్లన్నీ బీఎస్-6 నిబంధనకు లోబడ్డవే. వీటిలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. పట్టిన మసిని అప్పుడప్పుడు వేడిమీద కాల్చి శుభ్రం చేసుకుంటుంది. మసి కాలుతుంది గాని బూడిద కాలదు గదా! ఇంజనులో కాస్త కాస్త నూనె కాలినప్పుడల్లా అందులోని మందుల బూడిద పోయి ఆ జల్లెడలో కూర్చుంటుంది. అందుకే కొత్త నూనెల్లో బూడిదకు హద్దు పెట్టారు. సీకే-4లో ఆ హద్దు నూటికి ఒక పాలు. పదేళ్లనాటి లారీని చక్కగా నడిపిన నూనె కొత్త లారీ జల్లెడకు గండమయ్యేది ఇక్కడే.

ఆ జల్లెడ పూర్తిగా కాలకముందే లారీని మాటిమాటికీ ఆపేస్తుంటే ఇంకో చిత్రం జరుగుతుంది. మసి కాల్చడానికి పంపిన డీజిలులో కొంత కిందికి జారి నూనెలో కలవవచ్చు. కొలపుల్ల తీసి చూస్తే నూనె పెరిగి కనిపిస్తుంది. "మా లారీ నూనె తాగడం లేదండోయ్, పైగా ఊరుతోంది" అని సంబరపడేవాళ్లున్నారు! నూనె పెరగడం తగ్గడంకంటే తక్కువ ప్రమాదమేమీ కాదు. వెంటనే చూపించుకోవాలి. కొలత చూసేటప్పుడు లారీని చదునయిన చోట ఆపి, నూనె కిందికి దిగేదాకా పుస్తకంలో చెప్పినంతసేపు ఆగి చూడాలి. పై గీత దాటించి పోస్తే నురగ కడుతుంది. పుణ్యం ఉండదు సరిగదా పాపం చుట్టుకుంటుంది.

ఇక నూనె నల్లబడిందని కంగారుపడే కుటుంబాలు కొన్ని. డీజిలు ఇంజనులో నూనె త్వరగానే నల్లబడుతుంది. మసిని ఎక్కడా పేరుకోనీయకుండా తనలో పట్టి ఉంచడం దాని ధర్మం. ఇల్లు తుడిచిన గుడ్డ మురికయిందని గుడ్డను తిడతామా? గడువును రంగు చెప్పదు, పుస్తకం చెబుతుంది. అది కూడా కిలోమీటర్లకు ఒకటి, నెలలకు ఒకటి. ఏది ముందు వస్తే అది. మన లారీలకు ఇంకో ముక్క. మిరపయార్డు బయట బారులు తీరి, ఇంజను ఆపకుండా గంటలకొద్దీ నిలబడిన రోజున మీటరు కదలదు, నూనె మాత్రం పని చేస్తూనే ఉంటుంది. దుమ్ము రోడ్లలో, పత్తి పీచులో తిరిగే బండికి కష్టం ఎక్కువ. ఇల్లాంటి వాడకానికి పుస్తకంలో వేరే గడువు ఇచ్చారేమో చూడండి. ఇచ్చి ఉంటే మీకు వర్తించేది అదే.

"కంపెనీ పేరున్న నూనే పోయాలా, బజారులో దొరికే సమాన రకం పనికిరాదా?" అని అడుగుతారు. వారంటీ కాగితం తీసి చదవండి. ఫలానా అంకె, ఫలానా అక్షరం అని ఊరుకుంటే, ఆ రెండూ ఉన్న పేరుపడ్డ నూనె ఏదయినా వాడుకోవచ్చు. ఆమోదించిన నూనెల పట్టిక ఉంటే, ఆ పట్టిక దాటకండి. సందేహం ఉంటే నోటితో అడిగి నోటితో జవాబు తెచ్చుకోవద్దు, రాసి ఇమ్మనండి. అమెరికాలో 1975లోనే చట్టం చేసి, ఉచితంగా ఇస్తే తప్ప, ఫలానా కంపెనీ సరుకే వాడితేనే వారంటీ అనడానికి సాధారణంగా వీల్లేదన్నారు. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో పద్నాలుగు కార్ల కంపెనీలకు జరిమానా వేస్తూ, బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనకూడదని చెప్పింది. అది కార్ల వ్యవహారం, తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. దాన్ని నమ్ముకుని లారీలో ఏదో ఒకటి పోయడం వివేకం కాదు.

కొనేటప్పుడు అధీకృత డీలరు దగ్గరే కొనండి. మూత సీలు, బ్యాచి నంబరు, తయారయిన నెల చూడండి. బిల్లు మీద తేదీ, లారీ నంబరు, నూనె పేరు, ఆ రెండు గుర్తులు, ఎన్ని లీటర్లో ఉండాలి. మార్చిననాటి మీటరు అంకె, ఫిల్టరు బిల్లు దాని పక్కనే పెట్టండి. ఖాళీ డబ్బాను బొక్క పొడిచి పారేయండి. లేకపోతే రేపు అదే డబ్బా కల్తీ నూనెతో మీ వీధికే తిరిగి వస్తుంది! లీటరుకు వంద రూపాయలు ఆదా చేశాననుకున్నా, పదిహేను లీటర్లకు పదిహేను వందలు. ఇంజను విప్పితే లెక్క లక్షల్లో ఉంటుంది.

అన్నీ సక్రమంగా ఉండి కూడా కంపెనీ కాదంటే? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. వ్యాపారానికి కొన్నవారు సాధారణంగా దాని కిందికి రారు. కాని స్వయం ఉపాధిగా, కేవలం పొట్టపోసుకోవడానికి లారీ కొనుక్కున్నవాడు వినియోగదారుడే. చెల్లించిన ధర యాభై లక్షలు మించకపోతే తాను ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్ల లోపల ఫిర్యాదు చేసుకోవచ్చు. 1915 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. అయితే అక్కడా మొదటి ప్రశ్న మారదు: "బిల్లేదయ్యా?"

మా విద్యార్థి ఇప్పుడు తన బిల్లులన్నీ భార్య చేతికి ఇస్తున్నాడట. ఆ అమ్మాయి పాలలెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీ లారీకి కేటాయించి, తేదీ, కిలోమీటర్లు వేసి, రసీదు అంటిస్తోంది. లారీ ఎంత పెద్దదయినా దాని వారంటీ పట్టేది రెండు కాగితాల మందమే. ఇంటి పత్రాలు దాచే పెట్టెలో వాటికీ కాస్త చోటివ్వండి.