హోటల్‌లో ఒక రేటు.. యాప్‌లో మరో రేటు! తిరుపతిలో ఫుడ్ డెలివరీ అసలు లెక్క ఇదీ

అదే సంగటి, అదే నాటుకోడి పులుసు.. హోటల్‌లో కూర్చుని తింటే ఒక రేటు, యాప్‌లో ఆర్డర్ పెడితే ఇంకో రేటు. తిరుపతి, చిత్తూరులో చాలామందికి ఇది అనుభవమే. మరి ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్తోంది?

ముందు హోటల్ వైపు చూద్దాం. ఉదాహరణకు యాప్‌లో 200 రూపాయల ఐటెం ఉందనుకుందాం. కమీషన్ 25 శాతం వేసుకుంటే అక్కడికే 50 రూపాయలు పోయినట్టు. హోటలే భరించే డిస్కౌంట్ ఇంకో 20. లిస్టులో పైన కనిపించాలంటే యాడ్‌కి మళ్లీ డబ్బు కట్టాలి. చేతికి మిగిలేది 120 చుట్టుపక్కల. సరుకులు, గ్యాస్, మాస్టర్ జీతం, అద్దె అన్నీ అందులోంచే. అందుకే యాప్ మెనూలో రేటు పెంచేస్తారు. తిట్లు మాత్రం హోటల్‌కే!

ఇక కస్టమర్ వైపు.. ప్లాట్‌ఫామ్ ఫీజు 2023లో 2 రూపాయలతో మొదలైంది. 2025 సెప్టెంబర్‌కల్లా స్విగ్గీ, జొమాటో రెండింట్లోనూ 12 రూపాయలు, ఆపైకి చేరింది. అదే నెల 22 నుంచి డెలివరీ ఛార్జీపై 18 శాతం జీఎస్టీ తోడైంది. అయినా జనం ఆర్డర్లు పెడుతూనే ఉన్నారు. ఒకప్పుడు ఇన్వెస్టర్ల డబ్బుతో ఆఫర్లిచ్చి అలవాటు చేశారు. జొమాటో 2021లో, స్విగ్గీ 2024లో స్టాక్ మార్కెట్‌కి వచ్చాయి. ఇప్పుడు షేర్‌హోల్డర్లకు లాభం చూపించాలి కదా.

హోటళ్లు ఎదురు తిరగలేదా అంటే, తిరిగాయి. 2024 అక్టోబర్ 14 నుంచి స్విగ్గీకి అమ్మకాలు ఆపేస్తామని ఏపీ హోటల్స్ అసోసియేషన్ ప్రకటించింది. చర్చల తర్వాత వెనక్కి తగ్గింది. ఒక్క హోటల్ తప్పుకుంటే యాప్‌కు పోయేదేమీ లేదు, ఆర్డర్ పక్క హోటల్‌కి వెళ్తుంది. అందరూ కలిసి ఆపితేనే నొప్పి. ఆ భయంతోనే యాప్ మాట్లాడటానికి వస్తుంది.

తిరుపతిలో మాత్రం ఈ బలం వీధిని బట్టి మారుతుంది. రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం దగ్గర, బస్టాండ్ పక్కన శ్రీనివాసం దగ్గర హోటళ్లకు భక్తులు వాళ్లంతట వాళ్లే వస్తారు. యాప్ లేకపోయినా టేబుళ్లు నిండుతాయి. అదే ఎస్వీ యూనివర్సిటీ, మహిళా వర్సిటీ విద్యార్థుల రూములను నమ్ముకుని సందులో నడిచే చిన్న బిర్యానీ సెంటర్ సంగతి వేరు. బోర్డు లేదు, టేబుళ్లు లేవు. దానికి యాపే రోడ్డు, కమీషనే అద్దె. షాపు ఓనర్ అయితే ఏడాదికోసారి అద్దె పెంచుతాడు. యాప్ ఏ రోజైనా లిస్టులో కిందకు నెట్టేయగలదు.

ఇంకో చిక్కు, కస్టమర్ ఫోన్ నంబర్. హోటల్ వంట చేస్తుంది కానీ తిన్నది ఎవరో దానికి తెలియదు. వివరాలన్నీ యాప్ దగ్గరే. దేశవ్యాప్తంగా రెస్టారెంట్ల సంఘం ఎన్‌ఆర్‌ఏఐ ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ 2022 ఏప్రిల్‌లో రెండు కంపెనీలపైనా విచారణకు ఆదేశించింది. ఆ ఫిర్యాదులో డేటా అంశం కూడా ఉంది.

డెలివరీ బాయ్స్ పెట్రోల్, బండి రిపేరు సొంతంగానే పెట్టుకుంటారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం వీళ్ల సంక్షేమానికి యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం కట్టాలి. ఈ ఖర్చు కూడా ఏదో ఒక ఫీజు రూపంలో బిల్లులోకి చేరే అవకాశమే ఎక్కువ.

అందుకే రెగ్యులర్ కస్టమర్లున్న హోటళ్లకు పాత పద్ధతే లాభం. పార్శిల్ కవర్‌పై సొంత నంబర్ వేసుకుని, ఫోన్‌లో ఆర్డర్ తీసుకుని, తమ కుర్రాడితోనే పంపడం. చిత్తూరులాంటి ఊళ్లో ఇది సులువు. రోజుకో కొత్త ముఖం వచ్చే తిరుపతిలో కాస్త కష్టమే.