సీతాకోకచిలుకకి మాక్రో మోడ్ వద్దు, టెలిఫోటో వాడండి

మార్చిలో న్యూజెర్సీ చెట్లకి ఇంకా ఆకులు కూడా రావు, కానీ మోర్నింగ్ క్లోక్ అప్పటికే ఎగురుతూ ఉంటుంది (ఈ మోర్నింగ్ అంటే పొద్దున కాదు, సంతాపం. ముదురు రెక్కల వల్ల ఆ పేరు). చలికాలమంతా చెట్టు బెరడు సందుల్లో రెక్కలతోనే దాక్కుని, ఎండ రాగానే బయటికొస్తుంది. పూలుండవు కాబట్టి ఓక్ చెట్ల నుంచి కారే రసం తాగుతుంది. అందుకే పూల కోసం కాదు, మానుల మీద వెతకాలి.

కనిపించగానే అందరూ నొక్కేది మాక్రో బటనే. అసలు చిక్కంతా అక్కడే. ఐఫోన్ 13 ప్రోలో మాక్రో అల్ట్రావైడ్ లెన్స్‌తో పనిచేస్తుంది, 2 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లొచ్చు. నాణేనికైతే ఓకే. ఎండ కాచుకుంటున్న సీతాకోకచిలుక మీద ఫోన్ నీడ పడిందంటే తుర్రుమంటుంది. ఇక బడ్జెట్ ఫోన్లకి అతికించే 2 మెగాపిక్సెల్ మాక్రో గురించి మాట్లాడటమే వేస్ట్.

టెలిఫోటో అయితే దూరంగా ఉండే తీయొచ్చు. షావోమి 13 ప్రోలో 3.2 ఎక్స్ లెన్స్ 10 సెంటీమీటర్ల నుంచే ఫోకస్ చేస్తుంది. ఐఫోన్ మాత్రం 3 ఎక్స్‌లో మరీ దగ్గరికెళ్తే చెప్పాపెట్టకుండా వేరే లెన్స్‌కి మారిపోతుంది, కాస్త వెనక్కి జరగండి. ఇంకోటి, రెక్క ముదురు మెరూన్, అంచు లేత పసుపు. ఆటోలో వదిలేస్తే ఆ అంచు తెల్లగా పేలిపోవచ్చు, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి.

మా రివ్యూల్లోనూ మాక్రో శాంపిల్ అంటే కదలని పువ్వే కదా! కొనేముందు టెలిఫోటో ఎంత దగ్గర్నుంచి ఫోకస్ చేస్తుందో అడగండి. చాలా స్పెక్ షీట్లలో ఆ అంకె కనిపించదు.