చప్పుడు చేయని వాల్వు

పోయిన వారం సైకిలు చైను గురించి రాస్తే, "మోటారు సైకిళ్ల వాళ్లం ఏం పాపం చేశామండీ?" అని ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. పాపం వారిది కాదు, నాది. మోటారు సైకిలు గురించి రాయాలంటే మా ఇంటి బండి సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే మా అక్కయ్య సంగతీ రాక తప్పదు. అంచేత ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగాను. ఇవాళ చెప్పేస్తాను, చిత్తగించండి.

మాది పోత ఇనుప సిలిండరు ఉన్న పాత రకం బుల్లెట్టు. ఆ పేరుతో ఇంగ్లండులో 1932లోనే బండ్లు వచ్చాయి. మన దేశంలో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక ఈ 350 బుల్లెట్టు ఇక్కడే తయారు కావడం మొదలైంది. మా మామగారు కొన్న బండి చివరికి నా చేతికొచ్చింది. దానితోపాటు మా బావమరిదీ వచ్చాడు, సలహాలివ్వడానికి.

ఒక సాయంకాలం ఊరంతా తిరిగొచ్చి బండి ఆపబోతున్నాను. మా బావమరిది చెవి దగ్గర పెట్టి విని, "బావా, టిక్కు టిక్కుమంటోంది. టాపెట్లు వదులయ్యాయి. ఒక్క క్షణంలో బిగించేస్తాను" అన్నాడు. బిగించాడు. బండి నోరు మూసుకుంది. నాకూ ముచ్చటేసింది. మా ఆవిడ కాఫీ ఇచ్చింది, వాడు రెండు కప్పులు తాగాడు.

మర్నాడు పొద్దున కిక్కు కొడితే కాలు పిండిలో దిగినట్టు దిగిపోయింది. ఎదురు తన్నే బలమే లేదు. ఇరవై కిక్కులకు గాని లేవలేదు. "చలికాలం కదా" అనుకున్నాను. వేడెక్కాక బాగానే నడిచేది. ఇలా రెండు నెలలు చలికాలాన్ని తిడుతూ గడిపాను. పాపం, చలికాలం ఏం చేసింది?

మా అక్కయ్య కూతురికి బాపట్లలో తాంబూలాలు. మేనమామను నేను, పిల్ల చేతికి వెయ్యాల్సిన గాజులు నా సంచీలో ఉన్నాయి. మా ఆవిడ ముందురోజే రైల్లో వెళ్లింది. నేను తెనాలి నుంచి బండి మీద బయల్దేరాను. పొన్నూరు దాటాక సైలెన్సరులో టప్పుమని పేలింది, ఇంకోసారి పేలింది, ఆపైన బండి ఆగిపోయింది. దాన్ని నెట్టుకుంటూ, ఏదో లారీ దొరికి బాపట్ల చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. గాజులు వేరెవరో వేశారు. అక్కయ్య నన్ను చూసి, "భోంచెయ్యి" అంది. అంతే. ఇంకొక్క మాటైనా అనలేదు.

మేస్త్రీ హెడ్డు విప్పి ఎగ్జాస్టు వాల్వు తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని అంచు ఒకచోట ఎలక కొరికిన అప్పడంలా ఉంది.

"కాలిపోయిందండి మాస్టారూ. టాపెట్లు బిగుసుకుపోయి ఉన్నాయి" అన్నాడు.

"చప్పుడేమీ లేదే!" అన్నాను.

"అదేనండి. వదులైతే అరుస్తుంది, బిగిస్తే అరవదు. మనం అరిచేదాని నోరు నొక్కుతాం" అన్నాడాయన.

ఆ మాట ఎందుకన్నాడో ఇప్పుడు చెబుతాను. ఇంజనుకు రెండు తలుపులు. ఒకదానిలోంచి పెట్రోలు కలిసిన గాలి లోపలికి వస్తుంది, రెండోదానిలోంచి కాలిన వాయువు బయటికి పోతుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క తలుపూ సెకనుకు 25 సార్లు తెరిచి మూసుకోవాలి. ఎగ్జాస్టు వాల్వు పడే బాధ మరీ దారుణం. అది నిప్పుల్లాంటి వాయువులో మునిగి ఉంటుంది. దానికి ఊరట ఒక్కటే. మూసుకున్నప్పుడల్లా దాని అంచు పీటను ఆనుకుని, తన వేడిని చాలామట్టుకు హెడ్డులోకి దించుకుంటుంది. టాపెట్లు బిగించేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు. వెంట్రుకవాసి సందు చాలు. వేడి దిగే దారి పోతుంది, పైగా ఆ సందులోంచి మంట చిమ్ముతుంది. ఒకచోట అంచు కరగడం మొదలైతే ఇక ఆగదు.

టాపెట్లు వదులైతే? టిక్కుటిక్కుమంటుంది, వాల్వు కాస్త తక్కువగా తెరుచుకుంటుంది, బలం తగ్గుతుంది, భాగాలు ఒకదాన్నొకటి కొట్టుకుని అరుగుతాయి. అదీ మంచిది కాదు. కానీ అది చెప్పి చేసే చెరుపు. రెండోది చెప్పకుండా చేస్తుంది.

మా వాడు చేసిన తప్పు ఇంకొకటి ఉంది. వేడి ఇంజను మీద పని చేశాడు. వేడికి సిలిండరు పొడుగు సాగి, టాపెట్ల సందు మారుతుంది. వేడిమీద "సరిగ్గా" బిగించింది తెల్లవారి చల్లబడ్డాక మరీ బిగువైపోతుంది. పొద్దున కిక్కులో బలం లేకపోవడానికి కారణం అదీ. మూతపడని తలుపులోంచి గాలంతా పోతుంటే ఇక కాలికి ఏం ఎదురు తంతుంది?

ఇక పని చేసే పద్ధతి. మేస్త్రీ నాకు దగ్గరుండి నేర్పినదే రాస్తున్నాను.

రాత్రంతా చల్లారిన ఇంజను మీద పొద్దున్నే పని మొదలుపెట్టండి. స్పార్కు ప్లగ్గు విప్పండి. కుడివైపు సిలిండరు అడుగున ఒక్క నట్టుతో బిగించిన చిన్న మూత ఉంటుంది, దాన్ని తీయండి. లోపల రెండు పుష్‌రాడ్ల కింది కొసలు కనిపిస్తాయి. ప్లగ్గు బొక్క మీద బొటనవేలు పెట్టి, కిక్కు కడ్డీని మెల్లగా నొక్కండి. గాలి వేలిని బయటికి తోస్తుంది. ఆ తోపు ఆగేదాకా ఇంకొంచెం తిప్పండి. పిస్టను పైకొచ్చింది, రెండు వాల్వులూ మూసుకునే సమయం అదే.

ఇప్పుడు ఒక్కొక్క రాడ్డునూ రెండు వేళ్లతో తిప్పి చూడండి. జపమాల పూసలా హాయిగా తిరగాలి. పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. ఈ పాత బుల్లెట్టుకు కొలత అంతే, చల్లటి ఇంజనులో సందు సున్నా. తిరగకపోతే బిగువు, పైకీ కిందకీ ఆడితే వదులు. సర్దడానికి చిన్న పానాలు మూడు కావాలి. ఒకటి కదలకుండా పట్టుకోవడానికి, ఒకటి లాకు నట్టుకు, ఒకటి సర్దే మరకు. లాకు నట్టు బిగించేటప్పుడు కొలత కాస్త జరుగుతుంది. కాబట్టి బిగించాక మళ్లీ తిప్పి చూడాలి. ఇంజనును నాలుగు చుట్లు తిప్పి, మళ్లీ పిస్టనును పైకి తెచ్చి, ఇంకోసారి చూడాలి. మూత నట్టును మరీ బిగించకండి, ఆయిలు కారుతుంది.

మీది వేరే బండి అయితే ఈ "సున్నా" మాట పట్టుకోకండి సుమా! చాలా బండ్లకు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన సందు ఉండాలి. ఎంతో మీ బండి పుస్తకంలో ఉంటుంది. ఫీలరు గేజి రేకును ఆ సందులో పెట్టి లాగితే, పుస్తకం మధ్య ఇరుక్కున్న కాగితంలా కొంచెం పట్టి పట్టి రావాలి. 2008–2009 ప్రాంతంలో బుల్లెట్టుకు వచ్చిన కొత్త ఇంజనులో ఈ సందును ఆయిలు ఒత్తిడే సర్దుకుంటుంది, మన పానాలతో పనిలేదు. మాలాంటి పాత బండ్ల వాళ్లు మాత్రం ఆయిలు మార్చినప్పుడల్లా మూత తీసి చూసుకోవాలి. పావుగంట పని.

బండి బాగుపడింది. ఆ ఆదివారం దానిమీదే బాపట్ల వెళ్లాను. అక్కయ్య కాళ్లకు నీళ్లిచ్చింది, పెరుగూ ఆవకాయా పెట్టింది. మాట లేదు. నాకు ఆ వాల్వు గుర్తొచ్చింది.

"అక్కయ్యా, నన్ను తిట్టెయ్యవే" అన్నాను.

ఆమె గరిటె కింద పెట్టింది. "సిగ్గుండాలిరా! ఉన్న ఒక్క మేనమామవి! ఆ డొక్కుబండి తప్ప బస్సులే లేవా ఊళ్లో? పిల్ల గుమ్మంకేసి చూస్తూ కూర్చుందిరా!" అని మొదలుపెట్టి, గంటసేపు వాయించింది. చివర్లో కళ్లొత్తుకుని, "ఇంకొంచెం పెరుగు వేసుకో" అంది.

తిరిగొస్తుంటే బండి సన్నగా టిక్కుటిక్కుమంటోంది. మా మేస్త్రీ ఆ మాత్రం ఉండనివ్వమన్నాడు. నేనూ ఉండనిచ్చాను.