ఆకాశంలో విగ్రహం, నేల మీద వాటా

ఈ మధ్య మన కాలనీ కుర్రాళ్ల ఫోన్లలో ఒకే రకం వీడియోలు తిరుగుతున్నాయి. తెర రెండు ముక్కలుగా ఉంటుంది. ఎడమ పక్క కోకాపేట, రాత్రిపూట డ్రోన్‌తో తీసింది. కుడి పక్క అమరావతి, సగం క్రేన్లు, సగం కంప్యూటర్‌లో గీసిన టవర్లు. కింద కామెంట్లలో యుద్ధం. ఒకడు ‘గ్రాఫిక్స్’ అని వెక్కిరిస్తాడు. ఇంకొకడు ‘పదేళ్లు ఆగి చూడు’ అని సవాలు చేస్తాడు. వేమూరు, అమృతలూరు, చుండూరు నుంచి చదువు కోసం, కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్లినవాళ్లు ఒక పక్క, ఇంటి దగ్గరే ఉండి అమరావతి మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఇంకో పక్క. ఈ గొడవను చిన్నపిల్లల ఆటని కొట్టిపారేయలేం. ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది, అద్దె ఇల్లు ఎవరిస్తారు, కులం అడగని వీధి ఎక్కడుంది అన్న ప్రశ్నలన్నీ ఆ టవర్ల బొమ్మల వెనకే ఉన్నాయి. ఊరు వదిలి పట్నం వెళ్లండని అంబేద్కర్ ఊరికే అనలేదు. అందుకే పట్నం ఎంత ఎత్తు పెరిగిందో చూసినట్టే, అందులో మన పేరు మీద ఎన్ని గజాలున్నాయో కూడా చూడాలి.

ముందు హైదరాబాద్ సంగతి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు పది అంతస్తులంటేనే గొప్ప. ఇప్పుడు కోకాపేటలో సుమారు 235 మీటర్ల ఎత్తున, యాభైకి పైగా అంతస్తులతో టవర్ లేచింది. ఇదంతా ఇంజినీర్ల ప్రతిభే అనుకుంటే పొరపాటు. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన 86వ నంబరు జీవో అసలు మలుపు. ఒక స్థలంలో మొత్తం ఎంత విస్తీర్ణం కట్టవచ్చన్న పరిమితిని అది ఎత్తేసింది. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ సరిపోతే చాలు, ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు. దేశంలో చాలా పెద్ద నగరాల్లో ఈ వెసులుబాటు లేదు. దాంతో అక్కడ నేలతో పాటు నేల పైనున్న ఆకాశం కూడా అమ్మకానికి వచ్చింది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి వంద సెంట్లు కాబట్టి సెంటు కోటి రూపాయలు. ఈ సెంటు లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అమరావతిది ఇంకో దారి. అక్కడ టవర్లు మార్కెట్ కంటే ముందు ప్రభుత్వం కోసం గీశారు. నార్మన్ ఫోస్టర్ సంస్థ రూపకల్పన చేసిన సచివాలయం అయిదు టవర్లు. నాలుగు దాదాపు నలభై అంతస్తులవి, ముఖ్యమంత్రి కార్యాలయం ఉండేది యాభైకి దగ్గర. 2018 డిసెంబరులో పునాదుల్లో కాంక్రీటు పోశారు. 2019లో ప్రభుత్వం మారింది, పని ఆగింది. ఆ గోతులు అయిదేళ్లు నీళ్లతో నిండి చెరువుల్లా ఉండిపోయాయి. 2024లో మళ్లీ ప్రభుత్వం మారాక పునాదుల బలం పరీక్షించడానికి ఐఐటీ మద్రాసు నిపుణులు వచ్చారు. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు తిరిగి మొదలయ్యాయి. మధ్యలో పోయిన కాలానికి ఎవరి లెక్క వాళ్లు చెబుతున్నారు.

ఈ పోటీలో రెండు పక్కలా ఒకేలా కనిపించేది మన నాయకుడి విగ్రహం. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల అంబేద్కర్‌ను 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. ఆ తర్వాత రెండు వారాలకే పక్కనున్న కొత్త సచివాలయానికి ఆయన పేరు పెట్టి తెరిచారు. తొమ్మిది నెలలకు, 2024 జనవరి 19న, విజయవాడ స్వరాజ్ మైదానంలో మరో 125 అడుగుల విగ్రహం లేచింది. హైదరాబాద్‌లో పీఠం 50 అడుగులు, విజయవాడలో 81. మొత్తం కలిపితే అక్కడ 175, ఇక్కడ 206. పోటీ పీఠం దగ్గర తేలిందన్నమాట.

నిజానికి మూడో విగ్రహం కూడా ఉండాలి. 2017 ఏప్రిల్ 14న రాజధాని ప్రాంతంలోని ఐనవోలు దగ్గర అంబేద్కర్ స్మృతివనానికి శంకుస్థాపన జరిగింది. అక్కడా 125 అడుగులే అన్నారు. అది పూర్తి కాలేదు. తర్వాతి ప్రభుత్వం దాన్ని వదిలేసి 2020లో విజయవాడలో కొత్తగా మొదలుపెట్టింది. వేమూరు వాళ్లం ఇక్కడ కాస్త ఆగాలి. 2017 నుంచి 2019 వరకు సాంఘిక సంక్షేమ శాఖ చూసిన నక్కా ఆనందబాబు మన ఎమ్మెల్యే. విజయవాడ విగ్రహం పూర్తయినప్పుడు అదే శాఖ చూసిన మేరుగ నాగార్జున కూడా మన ఎమ్మెల్యేనే. 2009లో ఎస్సీ రిజర్వుడు అయినప్పటి నుంచి ఈ నియోజకవర్గం ఇద్దరినే గెలిపించింది, ఇద్దరూ అదే శాఖకు మంత్రులయ్యారు, ఇద్దరి హయాంలోనూ విగ్రహం పని ఉంది. విగ్రహాలు వద్దని నేను అనను. ఊరి మధ్యలో అడుగున్నర విగ్రహం పెట్టుకోడానికి కూడా దెబ్బలు తిన్న జాతి మనది. నగరం నడిబొడ్డున ఆయన నిలబడ్డాడంటే ఛాతీ ఉబ్బుతుంది, నాకూ ఉబ్బింది. కానీ అదే శాఖ చేతిలో ఉన్న భూమి, ఇల్లు, హాస్టలు, స్కాలర్‌షిప్పు సంగతులు అడిగినప్పుడల్లా విగ్రహం వైపు వేలు చూపిస్తే ఎలా?

భూమి దగ్గరికే వద్దాం. అమరావతి టవర్లు లేచే నేల 29 ఊళ్లది, ల్యాండ్ పూలింగ్‌లో వచ్చింది 33 వేల ఎకరాలకు పైనే. అందులో అసైన్డ్ భూములున్నాయి. భూమిలేని పేదలకు, ముఖ్యంగా దళితులకు, ప్రభుత్వం ఇచ్చిన భూములు. 1977 చట్టం ప్రకారం అప్పట్లో వాటిని అమ్మకూడదు, కొనకూడదు. మనల్ని కాపాడటానికి వచ్చిన ఆ చట్టాన్నే రాజధాని వేళ మనకు తక్కువ ఇవ్వడానికి సాకుగా వాడారు. 2015 నిబంధనల్లో మెట్ట పట్టా భూమి ఎకరం ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. అసైన్డ్ రైతు అదే ఎకరం ఇస్తే 800 గజాలు, వాణిజ్య స్థలం 100 గజాలే. జరీబులో పట్టాకు వాణిజ్య స్థలం 450, అసైన్డ్‌కు 200.

నివాస స్థలంలో తేడా అయిదో వంతు. వాణిజ్య స్థలంలో సగానికి పైన. రేపు టవర్లు లేచేది, అద్దెలు వచ్చేది, విలువ పదింతలయ్యేది వాణిజ్య స్థలంలోనే. అంటే నగరం గీత గీయకముందే, ఆ గీతలో దళితుడి వాటా సగానికి కోసేశారు. 2016లో 41వ నంబరు జీవో అసైన్డ్ వాళ్లను మళ్లీ తరగతులుగా విడగొట్టింది. ప్యాకేజీ వస్తుందో రాదో తెలియని ఆ రోజుల్లో భయపడి వచ్చిన కాడికి అమ్ముకున్నవాళ్లు ఉన్నారన్నది ఆ ఊళ్లలో బహిరంగంగానే వినిపించే మాట. తర్వాతి ప్రభుత్వాలు సవరణలు తెచ్చాయి. అమ్ముకున్నవాడి చేతికి ఆ సవరణల వల్ల తిరిగి వచ్చేదేముంది?

అసలు సెంటు భూమి కూడా లేని కూలీల సంగతి ఇంకో ఎత్తు. అరటి, కూరగాయలు, పూలతోటల్లో ఏడాది పొడవునా పని దొరికే ప్రాంతం అది. తోటలు పోయాయి. కుటుంబానికి నెలకు 2,500 పింఛను అన్నారు, 2024లో దాన్ని 5,000 చేశారు. పట్టా రైతుకు స్థలంతో పాటు పదేళ్ల కౌలు డబ్బు. కూలీకి ప్లాటు లేదు. నగరంలో అతనికి యజమాని అయ్యే దారి ప్రణాళికలోనే లేదు.

ఆ దారి వేశామని చెప్పిన ప్రయత్నం ఆర్-5 జోన్. 2023 మే 26న గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేద మహిళలు 50 వేల మందికి పైగా రాజధాని ప్రాంతంలో ఇళ్ల పట్టాలు అందుకున్నారు. ఆగస్టులో హైకోర్టు నిర్మాణాలు ఆపమంది. పేదలు వస్తే జనాభా సమతుల్యత చెడిపోతుందని అవతలివాళ్లు వాదించారని నాటి ప్రభుత్వం పదే పదే ఆరోపించింది. రైతులేమో మాస్టర్ ప్లాన్ మార్చడం తమతో చేసుకున్న ఒప్పందానికి విరుద్ధమన్నారు. చట్టపరంగా రైతుల మాటలో బలం ఉంది. కానీ మాస్టర్ ప్లాన్‌లో మొదటి నుంచే పేదలకు తగిన చోటు గీసి ఉంటే ఈ తగాదాకు తావెక్కడిది? ఇచ్చింది మాత్రం ఎంత? మనిషికి సెంటు, అంటే 48 గజాలు. కోకాపేటలో కోటి పలికిన ఆ కొలతే. ఇక్కడ అది కాగితం మీద ఆగింది. ఇదే రాజధానిలో ప్రభుత్వ సంస్థే నేలపాడు దగ్గర 18 అంతస్తుల టవర్లలో 1,200 ఫ్లాట్లు కడతామని 2018లో ప్రకటిస్తే గంటల్లో బుక్ అయిపోయాయి. మధ్యతరగతికి ఆకాశంలో ఫ్లాటు గీయగలిగిన చెయ్యి, పేదకు నేల మీద గది గీయలేకపోయింది.

హైదరాబాద్ ఈ విషయంలో మెరుగేమీ కాదు. ఫార్మా సిటీ పేరుతో యాచారం, కందుకూరు మండలాల్లో తీసుకున్న భూముల్లో అసైన్డ్ భూములున్నాయి. ఇప్పుడు అదే పక్క ఫ్యూచర్ సిటీ అంటున్నారు. ప్రభుత్వానికి నగరం కావాల్సి వచ్చినప్పుడల్లా ముందు కనిపించేది తానే ఇచ్చిన అసైన్డ్ పట్టా.

కట్టేవాళ్ల గురించి ఒక్క మాట, ఇది కార్యకర్తలకు పనికొచ్చేది. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సుగా కార్మికుల సంక్షేమ బోర్డుకు చేరాలి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు. నమోదు లేనివాడు పైనుంచి పడితే బోర్డు తరఫున వచ్చే సాయం దాదాపు ఉండదు. మన మండలాల నుంచి సెంట్రింగ్ పనికి, తాపీ పనికి వెళ్లేవాళ్లలో కార్డు ఉన్నవాళ్లెందరో వాడవాడకూ తిరిగి రాసుకోవడం ఒక వారం పని.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. టీవీల్లో రోజంతా ఒకటే చర్చ: అమరావతి మునిగిందా, మునగలేదా. హైదరాబాద్ అభిమానులకు అదొక ఆయుధం, అమరావతి అభిమానులకు పరువు. అదే నీళ్లు బ్యారేజీ దాటి కిందికొచ్చి కొల్లూరు, భట్టిప్రోలు లంకల్ని ముంచాయి. అరటి, పసుపు, కంద పోయాయి. అక్కడ సాగు చేసేవాళ్లలో కౌలుదారులు చాలామంది. 2019 కౌలు చట్టం ప్రకారం సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. సంతకం పెట్టని యజమాని, కార్డు లేని కౌలుదారు, పంట నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పక్కర్లేదు. మునగని టవర్ల గురించి మాట్లాడినంతలో పదో వంతు సమయం కూడా మునిగిన లంకలకు దక్కలేదు.

చివరగా, అమరావతిలో స్తూపం ఆకారంలో కడతామంటున్న శాశ్వత హైకోర్టు గురించి. మన దగ్గర ఒక కోర్టు ఎత్తు లేకుండానే నడిచింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. విచారణ కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కావాలని పట్టుబట్టి సాధించుకున్నారు. సాక్షులు తమ వీధిలోంచి నడిచి వెళ్లి సాక్ష్యం చెప్పారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున గుమ్మటాలున్న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ తర్వాత ఆరు వారాలకు రాష్ట్రం రెండయింది, టవర్ల పోటీ మొదలైంది.

చనిపోయినవాళ్లను ఊరి మధ్యలోనే పూడ్చారు. ఆ చోటిని రక్తక్షేత్రం అంటారు. తెనాలి, బాపట్ల మధ్య తిరిగే రైళ్లు ఆగే స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. డ్రోన్ వీడియోల్లో కనిపించదు, అంత ఎత్తు లేదు.